పాలు లేని జున్ను

హాస్టల్లో ఉండే మనమంతా శనివారం బ్యాగు సర్దుకుని ఇంటికి పోయేది ఎక్కువగా తినడానికే. నాకు మాత్రం పోయిన ఏడాదంతా ఇంట్లో అన్నం దగ్గర కూర్చోవాలంటేనే ఇబ్బందిగా ఉండేది. అమ్మ వంటలో లోపమేమీ లేదు. ఎవరి పళ్ళెం వాళ్ళదైపోయింది, అంతే.

మాది చిత్తూరు దగ్గర, ఇరాల వైపు ఒక పల్లె. తిరుపతి నుంచి పూతలపట్టు దాకా ఒక బస్సు, అక్కడ దిగి ఇంకో బస్సు. ఇంట్లో అవ్వ, నాయన, అమ్మ, ఇంటర్ రెండో సంవత్సరం చదివే చెల్లెలు. నాయనకు ఆరేళ్ళుగా షుగర్. ఆయనకు కొర్రన్నం, చప్పిడి కూర. చెల్లెలు పాలు, పెరుగు, నెయ్యి, మజ్జిగ అన్నీ మానేసింది, ఆమెకు వేరే తాలింపు. పెరుగు లేనిది అవ్వకు అన్నం తిన్నట్టే కాదు. ఈ ముగ్గురి మధ్య అమ్మ పొయ్యి దగ్గర తిరుగుతా ఉంటుంది, తను ఎప్పుడు తింటుందో ఎవరికీ తెలీదు. చెల్లెలు ఏడింటికే పుస్తకం పెట్టుకుని తినేసి లేస్తుంది. నాయన కేంద్రంలో పాలు పోసి వచ్చి తొమ్మిదికి ఒక్కడే కూర్చుంటాడు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఎదురుపడకుండా ఆ టైములు కుదిరిపోయినాయి.

దీనికి కారణం ఒక కోడెదూడ.

మాది మొదట చెరుకు ఇల్లు. తాత ఉన్నన్నాళ్ళు గానుగ ఆడింది, బెల్లం చిత్తూరు మార్కెట్టుకు పోయింది. బోర్లు ఎండినాక చెరుకు పోయి ఆవులు వచ్చినాయి. పుంగనూరు ఆవు పుట్టిన జిల్లాయే కానీ, దాని పాలతో ఇల్లు గడవదు కాబట్టి మా ఊళ్ళో అందరివీ హెచ్‌ఎఫ్, జెర్సీ సంకర జాతులే. పెయ్యదూడ పుడితే పండగ. కోడెదూడ పుడితే దాన్నేం చేయాలో ఎవరికీ తెలీదు. ట్రాక్టర్లు వచ్చినాక దున్నేదానికి అక్కర్లేదు, మేపేదానికి మేత లేదు. పోయిన వేసవిలో చెల్లెలు ట్యూషన్ నుంచి వచ్చేసరికి, తను పేరు పెట్టుకుని సీసాతో పాలు తాపిన దూడను నాయన సంతకు పోయే టెంపోలో ఎక్కిస్తా ఉన్నాడు. ఆ రాత్రి ఆమె పెరుగన్నం పక్కకు తోసేసింది. మళ్ళీ ముట్టలేదు.

"ఆ పాల దుడ్డుతోనే కదా నీ ఫీజు కడతా ఉండేది" అన్నాడు నాయన ఒకరోజు. "అయితే ఆ చదువూ వద్దులే" అంది ఆమె. అంతటితో ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయినాయి.

నేను ఎవరి వైపూ మాట్లాడలేకపోయినాను. చెల్లెలు చెప్పేదాంట్లో నిజముంది. నాయన చెప్పేదాంట్లోనూ ఉంది, ఎందుకంటే నా సెమిస్టరు ఫీజు కూడా అదే దుడ్డు.

ఇక జపాన్ ఎట్లా వచ్చిందో చెప్తాను. సత్యవేడు దగ్గర శ్రీసిటీలో ఇసుజు వాళ్ళు 2016లో వాహనాల ఫ్యాక్టరీ తెరిచినారు. కొబెల్కో, దైకిన్ కూడా అక్కడ ఉన్నాయి. ఆ ఉద్యోగాల మీద ఆశతో మనలో చాలామంది సాయంత్రం జపనీస్ ఎన్5 క్లాసుకు పోతా ఉన్నాం. నేనూ అట్లాగే చేరాను. వ్యాకరణం సంగతి అడగొద్దు గానీ, ఒకరోజు తిండి పాఠంలో 'షోజిన్ ర్యోరి' అనే మాట తగిలింది. జెన్ మఠాల్లో సన్యాసులు వండుకునే భోజనం అది. మాంసం, చేప, గుడ్డు ఉండవు, ఎర్రగడ్డలు తెల్లగడ్డలు కూడా ఉండవు. తిరుమలలో స్వామి నైవేద్యానికి ఎర్రగడ్డ ముట్టని ఊరి నుంచి వచ్చిన నాకు ఇది కొత్తగా అనిపించలేదు. ఆశ్చర్యం వేసింది ఇంకో సంగతికి. ఆ సంప్రదాయంలో దోగెన్ అనే గురువు 1237లో మఠం వంటవాడి కోసమే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడట. వంటవాడి పని ధ్యానం కంటే తక్కువ కాదని ఆయన భావం. ఈ మాట మా అమ్మకు చెప్తే, "ఆ సామిని ఒకసారి మా ఇంటికి రమ్మను" అంది.

ఆ భోజనంలో ప్రధానం తోఫు. సోయా పాలను విరగ్గొట్టి చేసే ముద్ద. పాల పదార్థం ఉండదు, పిండిపదార్థం చాలా తక్కువ, ప్రోటీన్ బాగా ఉంటుంది. నాయనకూ చెల్లెలికీ ఒకే గిన్నెలోంచి వడ్డించొచ్చు.

దీనికి జపాన్ దాకా పోవాలా, రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పుట్టుకతోనే వీగన్ కదా అని మీరు అడగొచ్చు. నిజమే. వంద గ్రాముల రాగుల్లో ఉండే కాల్షియం అంతే బరువు ఆవుపాలలో ఉండేదానికి దాదాపు మూడింతలు కూడా. కానీ మా ఇంట్లో సంగటి పెడితే పక్కన మజ్జిగ రావాలి, మజ్జిగ వస్తే గొడవ రావాలి. తెలిసిన ప్రతి వంటకూ ఒక పక్షం ఏర్పడిపోయింది. ఎవరికీ తెలియని వంటయితే దాని మీద ఎవరికీ పాత కోపం ఉండదు కదా అన్నది నా లెక్క.

జపాన్ తిండి అంటే అదేదో ఆరోగ్యం, చక్కెర ఉండదు అని మనకొక భ్రమ. నాలుగు వంటలు చదివేసరికి అది పోయింది. తెరియాకిలో చక్కెర, సుకియాకిలో చక్కెర, సుషీ అన్నంలో వెనిగర్‌తో పాటు చక్కెర. అది లేనిచోట మిరిన్ ఉంటుంది, అంటే జిగురు బియ్యంతో చేసే తియ్యటి వంట సారాయి. చివరికి నువ్వుల పొడితో కలిపే ఆకుకూరలో కూడా ఒక చెంచా చక్కెర. మన దగ్గర అంగళ్ళలో దొరికే సోయా సాస్ సీసాలు తిప్పి చూస్తే చాలావాటిలో చక్కెర, కారమెల్ రంగు కనబడతాయి. పదార్థాల జాబితాలో ఏది బరువులో ఎక్కువో అదే ముందు రాయాలన్నది మన దేశంలో నియమం. సాస్ పేరు సోయా అయినా జాబితాలో సోయా ఎక్కడుందో చూడండి ఒకసారి, నవ్వొస్తుంది. సోయా, గోధుమ, ఉప్పు, నీళ్ళు మాత్రమే ఉన్న సీసా ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. దాంతోపాటు చిన్న మీసో ప్యాకెట్, ఎండబెట్టిన షిటాకే పుట్టగొడుగులు. మీసో అంటే సోయాను బియ్యంతో పులియబెట్టిన ముద్ద. కొన్నిటిలో చేప పొడి కలుపుతారు, చెల్లెలి కోసం అదీ చూసుకోవాల్సి వచ్చింది.

సోయా గింజల కోసం మా ఊరి అంగడాయనను అడిగితే మీల్ మేకర్ ప్యాకెట్ చేతిలో పెట్టినాడు. అది నూనె తీసేశాక మిగిలిన పిండితో చేసేది, దానికి పాలు రావు. గింజలు తిరుపతిలో దొరికినాయి. పావుకిలో కొన్నాను.

డిసెంబరు నెల, శనివారం రాత్రి నానబెట్టి పడుకున్నా. పొద్దున్నే లేచేసరికి అవ్వ ఆ గిన్నె ముందర కూర్చోనుంది. అనపగింజలు అనుకుందట. మా వైపు చలికాలం అంటే పితికిపప్పు కాలం కదా, నానిన అనపగింజను రెండు వేళ్ళ మధ్య పెట్టి ఒత్తితే పప్పు ఎగిరి గిన్నెలో పడాలి. నేను వద్దనేలోపే అవ్వ చేతులు పనిలో పడినాయి. సోయా తోలు తీయకపోయినా తోఫు వస్తుంది, తీస్తే మంచిదే. అరగంటలో పావుకిలో గింజలు ఒలిచి, "ఇవేందిరా, మాంచి గట్టిగుండాయి, వాసన మాత్రం పచ్చిగడ్డి వాసన" అంది. ఆ పచ్చి వాసన సోయాలో ఉండే లైపాక్సిజనేజ్ అనే ఎంజైమ్ వల్ల. గింజ నలిగి నీళ్ళు, గాలి తగిలితే అది పని మొదలుపెడుతుంది. అందుకే కొందరు మరిగే నీళ్ళతోనే రుబ్బుతారు. నేను వేడినీళ్ళు పోసి మిక్సీలో రెండు మూడు దఫాలుగా మెత్తగా వేశాను. నీళ్ళు మొత్తం రెండు లీటర్లు పట్టినాయి.

ఇక్కడ నేను మెకానికల్ వాణ్ణన్న సంగతి మర్చిపోయి కొంచెం కెమిస్ట్రీ మాట్లాడతాను, బయోటెక్ మిత్రులు క్షమించాలి. సోయా గింజలో నూటికి 36 నుంచి 40 పాళ్ళు ప్రోటీన్. పాలు కాచినప్పుడు ఆ ప్రోటీన్ ఉండలు విప్పుకుంటాయి. అప్పుడు మెగ్నీషియమో కాల్షియమో కలిపితే ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డ కడతాయి. పులుపు కలిపినా అంతే, పీహెచ్ 4.5 దగ్గరికి దిగేసరికి వాటి విద్యుదావేశం సున్నా అయి, ఒకదాన్నొకటి నెట్టుకోవడం మానేస్తాయి. జపాన్‌లో దీనికి నిగారి వాడతారు, సముద్రపు ఉప్పు తీసేశాక మిగిలే చేదు నీళ్ళు, అందులో ఎక్కువగా మెగ్నీషియం క్లోరైడ్. నెల్లూరు జిల్లా ఇస్కపల్లి ఉప్పు మళ్ళలో కూడా అట్లాంటి నీళ్ళు మిగులుతాయి. కానీ అంతదూరం ఎవరు పోతారు, మనకు గూడూరు నిమ్మకాయలు ఉండగా.

రుబ్బిన పిండిని పొయ్యి మీద పెట్టగానే నురుగు లేచింది. సోయాలో సాపోనిన్లు ఉంటాయి, కుంకుడుకాయలో ఉండే జాతివే, అందుకే పాలకంటే మొండిగా పొంగుతుంది. అవ్వ ఊరికే చూస్తుందా? గరిటె నా చేతిలోంచి తీసుకుని నురుగు తీసి పక్కన పోయడం మొదలుపెట్టింది. చెరుకు పాలు కాగేటప్పుడు మడ్డి తీసిన చెయ్యి అది. "మీ తాత దీంట్లో సున్నం ఏసేవాడు, బెండచెట్టు జిగురు పోసేవాడు, మడ్డంతా పైకొచ్చేది" అని చెప్తా ఉంది. సున్నమంటే కాల్షియమే. తోఫుకు వాడే జిప్సం కూడా కాల్షియం ఉప్పే. అవ్వకు ఈ సంగతి చెప్పి ఇద్దరిదీ ఒకే పనవ్వా అన్నాను. ఆమె నమ్మలేదు.

సోయాను పచ్చిగా తినకూడదు, దాంట్లో ప్రోటీన్ అరగనివ్వని పదార్థాలు ఉంటాయి. అందుకని పది పదిహేను నిమిషాలు సన్నమంట మీద ఉడికించి, పాత పంచె గుడ్డలో వడగట్టి పిండినాం. తెల్లగా, చిక్కగా పాలు దిగినాయి. సరిగ్గా అప్పుడు నాయన లోపలికొచ్చినాడు.

ఏమీ మాట్లాడలేదు. గిన్నెలోకి తొంగి చూసినాడు. పోయి తన లాక్టోమీటరు తెచ్చినాడు. గ్లాసులో కొన్ని సోయా పాలు పోసి చల్లారినాక దాన్ని వదిలినాడు. ఆవుపాలలో 28 దగ్గర నిలబడేది దీంట్లో బాగా లోపలికి మునిగిపోయింది. "నీళ్ళు కలిపినావు పో. కేంద్రంలో వాపసు పంపిస్తారు" అని ముఖం మామూలుగానే పెట్టుకుని బయటికి పోయినాడు. గుమ్మం దగ్గర నిలబడిన చెల్లెలు నవ్వు ఆపుకోవడం నేను చూశాను.

పాలను మళ్ళీ వేడి చేసి, పొయ్యి మీంచి దించి రెండు నిమిషాలు ఆగాను. రెండు నిమ్మకాయల రసంలో అన్ని నీళ్ళే కలిపి, మూడు దఫాలుగా పోసి, గరిటెను ఒకే ఒక్కసారి తిప్పి మూత పెట్టాను. ఎక్కువ తిప్పితే గడ్డ ముక్కలైపోతుంది. కావాలని పాలు విరగ్గొట్టడం చూసి అమ్మ "ఆదివారం పూట ఏం పనిరా ఇది" అని గొణిగింది. పావుగంట తర్వాత మూత తీస్తే కింద మబ్బుల్లాగా తెల్లటి గడ్డలు, పైన లేత పసుపు నీళ్ళు. గుడ్డ పరిచిన జల్లెడలో పోసి, పైన పళ్ళెం, దాని మీద అమ్మ చిన్న రోలు. నలభై నిమిషాలకు గట్టిపడింది. నీళ్ళలో వదిలి, ముక్క కోసి అవ్వ నోట్లో పెట్టాను.

"జున్ను" అంది. కాసేపు చప్పరించి, "చక్కెర ఎయ్యలేదే" అంది.

అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు సోయా జున్ను. తోఫు అనే మాట ఎవరికీ నోరు తిరగలేదు.

సాయంత్రం మిగతావి. జపాన్ చారుకు ఆధారం కొంబు అనే సముద్రపు నాచు. 1908లో టోక్యోలో ఇకేదా కికునే అనే రసాయన శాస్త్రవేత్త దాంట్లోంచే గ్లూటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. కొంబు ధర చూసి నేను వదిలేశాను. గ్లూటమేట్ పండిన టమాటాలో కూడా దండిగా ఉంటుంది, టమాటాకు మదనపల్లె ఉండగా మనకేం లోటు? నాలుగు పండ్లు కోసి, నానబెట్టిన షిటాకే నీళ్ళలోనే మెల్లగా కాచాను. ఎండు షిటాకేలో గ్వానిలేట్ ఉంటుంది, అది గ్లూటమేట్‌తో కలిస్తే రుచి రెండింతలు కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. 1957లో కునినాకా అనే ఇంకో జపాన్ శాస్త్రవేత్త కనిపెట్టిన సంగతి ఇది. వడకట్టి, పొయ్యి ఆర్పేశాక మీసో కరిగించాను. మరిగిస్తే దాని వాసన పోతుంది. అవ్వ పక్కన నిలబడి ఒక చిన్న బెల్లం ముక్క వెయ్యమని నాలుగుసార్లు అడిగింది. బెల్లం చక్కెర కాదన్నది ఆమె జీవితకాలపు నమ్మకం. బెల్లంలో కూడా ఎక్కువ భాగం సుక్రోజే అని నాయనకు డాక్టరు చెప్పినారు, అవ్వకు మాత్రం ఎవరూ చెప్పే ధైర్యం చేయలేదు. అవసరమే రాలేదు, టమాటా తీపి చాలింది.

సగం తోఫును చల్లగానే ఉంచి, తురిమిన అల్లం, ఉల్లికాడలు, నాలుగు చుక్కల సోయా సాస్. దీన్ని హియయాక్కో అంటారు. మఠం వాళ్ళు ఉల్లికాడలు కూడా వేయరు, మాది మఠం కాదు కాబట్టి వేశాను. మిగతా సగం నీళ్ళు అద్ది, చెనిక్కాయ నూనెలో వంకాయ ముక్కలతో పాటు ఎర్రగా కాల్చాను. పాలకూర ఉడికించి వేయించిన నువ్వుల పొడి కలిపాను, పేరులో తప్ప దాంట్లో పాలు లేవని చెల్లెలికి హామీ ఇచ్చి. అన్నం బదులు నాయన కొర్రన్నమే అందరికీ. తెల్లన్నం తిని చక్కెర లేని భోజనం అనడం మనల్ని మనం మోసం చేసుకోవడమే, రక్తంలోకి పోయాక అదీ గ్లూకోజే. పైగా కొర్రలు జపాన్‌కు పరాయివి కాదు, 'అవా' అనే పేరుతో వాళ్ళు తరతరాలుగా తిన్న గింజే.

ఎనిమిదికి అందరం కింద కూర్చున్నాం. ఒకే రకం వంట కాబట్టి ఒకే సారి వడ్డించాల్సి వచ్చింది, అందుకని అమ్మ కూడా కూర్చుంది. మొదట చారు. "చప్పిడి రసం" అంది అమ్మ, కానీ రెండోసారి పోసుకుంది. నాయన చల్లటి ముక్క నోట్లో పెట్టుకుని నమిలి, "అంతా బాగుండాది, కారమేది?" అన్నాడు. అవ్వ లేచి ఊరుబిండి గిన్నె తెచ్చింది. కాల్చిన తోఫు, చెనిక్కాయల ఊరుబిండి. జపాన్ వాళ్ళు నన్ను క్షమిస్తారో లేదో గానీ, ఆ రాత్రి అన్నిటికంటే ముందు ఖాళీ అయింది అదే.

బలం గురించి అమ్మకు భయం ఉండేది. తోఫులో ప్రోటీన్ ఉంది గానీ బి12 ఉండదు, దానికి చెల్లెలు మాత్ర వేసుకోవాల్సిందే అని చెప్పాను. "ఏసుకుంటా ఉండాను" అంది చెల్లెలు. అది మాకెవరికీ తెలీదు. దుడ్డు ఎక్కడిది అని అమ్మ అడగబోయి నాయన వైపు చూసింది. నాయన పళ్ళెంలోకి చూస్తా ఉన్నాడు. మూడు నెలలుగా ఆ మాత్రలు చిత్తూరు నుంచి తెచ్చి ఆమె అలమరలో పెడతా ఉండేది ఆయనేనట.

కాసేపటికి ఎవరూ అడగకుండానే ఆయనే అన్నాడు. "దాన్ని మేపేదానికి మేత లేదు పాపా. ఉండింటే అమ్మేవాణ్ణి కాదు."

చెల్లెలు ఏమీ అనలేదు. ఇంకో ముక్క ఆయన పళ్ళెంలో పెట్టింది. ఆమె మనసు మారిందా అంటే మారలేదు, ఇప్పటికీ పాలు ముట్టదు. ఆయన ఆవులూ అట్లాగే ఉన్నాయి. పది గంటలకు నాయన వేలు గుచ్చుకుని షుగర్ చూసుకుని పుస్తకంలో రాసుకున్నాడు, నాకు చూపించలేదు. ఒక్క పూట రీడింగుతో తేలేదేమీ లేదని నేనూ అడగలేదు.

పాలు పిండగా మిగిలిన పిప్పిని జపాన్‌లో ఒకారా అంటారు. దాంట్లో సగానికి అవ్వ పొద్దున్నే ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, కొంచెం శనగపిండి కలిపి వడలు వేసింది. నేను డబ్బాలో పెట్టుకుని హాస్టల్‌కు తెచ్చినవి అవే, మా రూమువాళ్ళు గాదంకి టోల్‌గేటు వడలకంటే బాగున్నాయని అబద్ధం చెప్పినవీ అవే. మిగతా సగాన్ని, విరిగిన పసుపు నీళ్ళను ఏం చేయాలని అమ్మ అడిగితే, "కుడితి తొట్లో పొయ్యి" అన్నాడు నాయన. అమ్మ చేతులు పిండిలో ఉన్నాయి. బకెట్ చెల్లెలు ఎత్తుకుంది. వేసవి నుంచి ఆమె కొట్టం వైపు పోలేదు. నేను బస్సుకు టైమవుతోందని చెప్పులు వేసుకుంటా గుమ్మంలోంచి చూశాను. ఆవు ముట్టె పెట్టి వాసన చూసి, ఒకసారి తల విదిలించి, మళ్ళీ వంచి మొత్తం తాగేసింది.